కోపం బిందె

మా నాన్న కోపం వస్తే కూర్చునేవాడు. ఎక్కడుంటే అక్కడే. జెట్టీ మీద బస్తాల పక్కన, పూర్ణా మార్కెట్లో చేపల గంపల మధ్య, ఒకసారి పెళ్ళి పందిట్లో పెళ్ళికొడుకు ముందే. కూర్చున్నా తగ్గకపోతే పడుకునేవాడు. అప్పటికీ తగ్గకపోతే లేచి వెళ్ళి వుజూ చేసుకునేవాడు. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుంటామే, అది. ఇదంతా అయ్యేదాకా నోరు మెదిపేవాడు కాదు.

విశాఖ వన్‌టౌన్‌లో మా వీధివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుని, కోపాన్ని గెలిచినవాడు అంటారు. నిజమే, గెలిచాడు. అయితే ఆ గెలుపులో మా అమ్మను ఇంచుమించు పోగొట్టుకున్నాం. నేను చెప్పబోయేది ఆ సంగతి.

ముందే ఒక మాట. మా ఇంట్లో ఉర్దూ దువాలకీ పెళ్ళిళ్ళకీ మాత్రమే, మిగతా సంసారమంతా తెలుగులోనే. పిలవడం మాత్రం అబ్బా, అమ్మీ అని పిలిచేదాన్ని. కాగితం మీద ప్రతి వాక్యంలో అబ్బా అని రాస్తే చదివేవాళ్ళకు ఎవరికో నొప్పెడుతున్నట్టు ఉంటుంది. అందుకని నాన్న, అమ్మ అనే రాస్తాను.

నాన్న ఓడల్లోంచి సరుకు దించే ఒక కంపెనీలో మేస్త్రీ. ఆయన కింద ఒక గ్యాంగు కళాసీలు ఉండేవాళ్ళు. డెబ్బైల మొదట్లో, నేనింకా బడికి వెళ్ళని రోజుల్లో, క్రేను నడిపే మనిషి చూసుకోకుండా బరువు దించితే కింద ఉన్న కళాసీ కాలు నలిగింది. నాన్న క్రేను ఎక్కి ఆ మనిషిని కిందికి లాగి కొట్టాడు. పళ్ళు రాలాయి. తప్పు క్రేను వాడిదేనని అందరికీ తెలుసు కాబట్టి కంపెనీ ఒక్క మాటతో వదిలేసింది. ఇంకోసారి చెయ్యి లేస్తే మరి రానక్కర్లేదు అని.

ఆ సాయంత్రం నాన్న మా వీధి మసీదులో ఇమాము గారి దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే ముసలాయన. మాట మెల్లగా ఉండేది. ప్రవక్త చెప్పిందే చెప్పారు. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చో, అప్పటికీ పోకపోతే పడుకో, మాట్లాడకు. కోపం షైతాను నుంచి వస్తుంది, షైతాను పుట్టింది నిప్పులోంచి, నిప్పు ఆరేది నీళ్ళతో, కాబట్టి వుజూ చేసుకో. నాన్న అర్థం కానట్టు చూశాడట. ఇమాము గారు తన చెయ్యి చాపి చూపించి, నిలబడ్డవాడి చెయ్యి ఎదుటివాడి ముఖం దాకా వెళ్తుంది, కూర్చున్నవాడి చెయ్యి మోకాలి దాకానే వెళ్తుంది, అంతే నాయనా అన్నారట.

మా నాన్నకు చెప్పిన పని చెప్పినట్టు చేయడమే తెలుసు. ఈ మాటను కూడా మేస్త్రీ పని లాగే తీసుకున్నాడు. మొదట్లో గ్యాంగులో వాళ్ళు నవ్వారు. తరవాత అది వాళ్ళకు సైరను అయింది. బస్తాల పక్కన ఆయన చతికిలబడగానే ఎవడో ఒకడు, "ఒరే, సాయిబు కూకున్నాడ్రా" అనేవాడట. మిగిలినవాళ్ళు చుట్టలు పారేసి పనిలో పడేవాళ్ళు. ఆయన పక్కకు ఒరిగితే పెద్ద కళాసీ స్వయంగా వచ్చి, ఏం తప్పు జరిగిందో కనుక్కుని సరిచేసేవాడు. ఆ కళాసీ నాన్నను బావా అనేవాడు. కుల మతాలు వేరైనా ఆ వరస వాళ్ళిద్దరూ చచ్చేదాకా తప్పలేదు.

బయట ఇది ముచ్చటగా ఉండొచ్చు. పక్కన నడిచేవాళ్ళకు కాదు. ఒకసారి ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్సులో బస్సెక్కాం. కండక్టరు అమ్మ బురఖా మీద ఏదో వెటకారం ఆడాడు. నాన్న సీట్ల మధ్య దారిలో కూర్చున్నాడు. వెనక ఎక్కినవాళ్ళు తిట్టుకుంటూ ఆయన మీంచి దాటుకుని వెళ్ళారు. తగరపువలస దాకా అలాగే కూర్చున్నాడు. నేను కిటికీలోంచి మధురవాడ తాటిచెట్లు చూస్తూ, ఆయన వేరెవరి నాన్నో అన్నట్టు ముఖం పెట్టాను. అమ్మ మాత్రం నిలబడే ఉంది. ఆయన కిందే ఉన్నాడు కదా, సీటు ఖాళీయే. అయినా అమ్మ అందులో కూర్చోలేదు.

ఇంట్లో సమస్య నీళ్ళు. విశాఖపట్నంలో ఎదురుగా సముద్రం, ఇంట్లో చెంబు నీళ్ళకు కటకట. మా ఇల్లు మెట్ల వీధిలో పైన ఉండేది. కొళాయి కింద. వేసవిలో రోజు విడిచి రోజు వదిలేవాళ్ళు, అదీ సన్నగా. అమ్మ చంకన ఒక బిందె, చేత్తో ఒక బిందె పట్టుకుని మెట్లెక్కేది. నన్ను బిందె ముట్టుకోనిచ్చేది కాదు, పుస్తకం తియ్యమనేది. ఆ రోజుల్లో నాన్నకు కోపం వస్తే, వంటకు పెట్టిన నీళ్ళయినా సరే, కొమ్ముచెంబు ముంచి వుజూకు కూర్చునేవాడు. రెండు మూడుసార్లు ఎసట్లోకి నీళ్ళు లేకుండా పోయాయి. అప్పుడు అమ్మ ఒక అల్యూమినియం బిందె వేరే పెట్టింది. పెరటి గుమ్మం పక్కన, మూతతో. ఎవరూ తాగకూడదు, గిన్నె కడగకూడదు. దానికి పేరు పెట్టింది నేనే. కోపం బిందె.

నేను బడి నుంచి వచ్చి ముందు దాని మూత తీసేదాన్ని. నిండుగా ఉంటే ఆ రోజు పోర్టులో అంతా సవ్యంగా జరిగినట్టు. సగానికి దిగితే చప్పుడు చేయకుండా చదువుకోవాలి. నాకంటే ముందే డ్యూటీ దిగి ఇంటికి వచ్చి కూడా పోర్టు కోపం కడుక్కునేవాడు మరి. అమ్మ మళ్ళీ నింపి పెట్టేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాన్న రచ్చ గెలిచాడు, ఇంట్లో నీళ్ళెవరు మోస్తున్నారని ఎవరూ అడగలేదు.

మా అమ్మకు కోపం రాదు అనేవాళ్ళు చుట్టాలందరూ. అంత ఓర్పు గల మనిషి లేదనేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. కోపం ఉన్నవాళ్ళు కూర్చుంటారు, అమ్మ ఎప్పుడూ కూర్చోదు కాబట్టి అమ్మకు కోపం లేదు. మా ఇంటి లెక్కలో అది సరిపోయింది.

ఎనభైల మధ్యలో కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. అప్పటికి ఊళ్ళో మగపిల్లలందరి చూపూ స్టీలు ప్లాంటు మీద ఉండేది, పోర్టు పనంటే పాతబడ్డ పని. మేనేజరు కూడా ఆ చూపుతోనే వచ్చాడేమో తెలియదు. ఒకరోజు క్రేను వలలో ఎత్తిన ఎరువు బస్తాలు జారి పగిలాయి. ఆయన పరుగున వచ్చి గ్యాంగు అందరి ముందూ నాన్నను పట్టుకుని తిట్టడం మొదలుపెట్టాడు. నాన్నను తిట్టాడు, తరవాత నాన్న తల్లిని తిట్టాడు. నాన్న కూర్చున్నాడు.

తను నిలబడి మాట్లాడుతుంటే మేస్త్రీ కూర్చోవడమేమిటని మేనేజరు గొంతు ఇంకా లేచింది. అప్పుడు నాన్న పడుకున్నాడు. జెట్టీ మీద, ఎరువులో, వెల్లకిలా. మేనేజరు హడలిపోయి గుండె ఆగిందనుకుని వంగి చూశాడట. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆయన్నే చూస్తున్నాయి. తనను ఇంతగా అవమానించినవాడు పుట్టలేదనుకున్నాడు మేనేజరు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నాడు.

పెద్ద కళాసీ ఇంటికి వచ్చి ఉపాయం చెప్పాడు. "కల్లు తిరిగిపోనాయని సెప్పు బావా. ఎండలో ఎవుడికైనా తిరుగుతాయి. మావంతా సాచ్చికం సెప్తాం."

"అబద్ధం ఆడను" అన్నాడు నాన్న.

"మరి నిజం ఏటని సెప్తావ్? కొట్టాలనిపించింది, అందుకే తొంగున్నానంటావా? అలగంటే వాడు ఇంకా తొరగా ఇంటికి పంపుతాడు."

అది నిజం. నిజం చెబితే, మేనేజరును కొట్టాలనుకున్నానని ఒప్పుకున్నట్టు. అబద్ధం చెబితే, ఇన్నేళ్ళ కూర్చోవడమూ పడుకోవడమూ దొంగనాటకం. నాన్న ముఖం నల్లబడింది. కళాసీ వెళ్ళాక అమ్మ మెల్లగా అంది, "ఆయన సెప్పినట్టు సెప్పీయండి. పిల్ల సదువుంది." నాన్న లేచి కొమ్ముచెంబు అందుకున్నాడు. కొళాయి రాక రెండు రోజులైంది. బిందె అడుగున కొంచెం నీళ్ళున్నాయి, అవి అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చినవి.

అమ్మ వెళ్ళి ఆ బిందె మూత మీద చెయ్యి పెట్టింది.

"నీల్లు లేకపోతే మట్టితో తుడుసుకున్నా సాలన్నాడు అల్లా. నమాజుకే సాలన్నాడు. మీ కోపానికి సాల్లేదు. ఇన్నేల్లూ నాను మోసేను. నా కోపం నానెక్కడ కడుక్కోవాల?"

ఆమె అరవలేదు. పక్కింటికి కూడా వినిపించి ఉండదు. ఆ మాట అని అమ్మ గోడకు జారి కూర్చుంది. మా అమ్మ పట్టపగలు నేల మీద ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. పొయ్యి మీద అన్నం ఉంది. కొంతసేపటికి పక్కకు ఒరిగి, కిటికీ కింద చాప అయినా లేకుండా పడుకుంది.

నాన్న ఊరట పడ్డాడు. ఆయనకు తెలిసిన వైద్యమే కదా. పడుకుంది, తగ్గుతుంది అన్నాడు నాతో. నేను అన్నం దించాను. పొద్దుగూకి మగ్రిబ్ అజాను అయింది, అమ్మ లేవలేదు. మర్నాడు కూడా లేవలేదు. నోట్లో పెడితే రెండు ముద్దలు మింగేది, పిలిస్తే చూసేది, మాట మాత్రం లేదు. నమాజు తప్పని మనిషి నమాజు మానేసింది. రోజులు గడుస్తున్నాయి. విచారణ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అమ్మ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు భయం వేసింది. నాన్నకూ వేసింది. ఆయన భయపడటం అంతకుముందు నేను చూడలేదు.

చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. గాలి సోకిందని ఒకరు, తాయెత్తు కట్టించమని ఒకరు. మెట్ల మీద దిగుతూ ఎవరో పెదవాల్తేరు అన్నారు. మా ఊళ్ళో పిచ్చాసుపత్రి ఉన్న చోటు అది. ఎవడైనా తిక్కగా మాట్లాడితే పెదవాల్తేరు బస్సెక్కించండి అని నవ్వుకుంటారు. నేనూ బడిలో అని ఉంటాను. ఆ పేరు మా గుమ్మంలో వినిపించేసరికి అందులో నవ్వేం లేదు.

నాన్న నన్ను వెంటబెట్టుకుని ఇమాము గారి ఇంటికి వెళ్ళాడు. ఆయన మంచం దిగలేని స్థితికి వచ్చేశారు. నాన్న జరిగిందంతా చెప్పి, తాయెత్తు ఏమైనా ఇస్తారా అని అడిగాడు. ఇమాము గారు అది వినిపించుకోనట్టే, "నీళ్ళు ఎవరు తెస్తారు నాయనా?" అన్నారు.

"మా ఆవిడేనండి."

ఇమాము గారు మంచం మీద పక్కకు ఒత్తిగిలి నాన్న వైపు తిరిగారు. "నీకు నీళ్ళు చెప్పాను. నువ్వే తెచ్చుకోవాలని వేరే చెప్పాలని తోచలేదు. నాకు మా కోడలు పోస్తుంది, అందుకే తోచలేదు" అన్నారు. తరవాత, పారే ఏరు పక్కనున్నా వుజూకు నీళ్ళు దుబారా చేయొద్దన్నారు ప్రవక్త, ఆయన తన చెప్పులు తనే కుట్టుకునేవారు, ఇంటి పనిలో తనూ చెయ్యి వేసేవారు, ఇవి కూడా నేను నీకు అప్పుడే చెప్పాల్సింది అన్నారు. నాన్న తల దించుకున్నాడు. మేము లేవబోతుంటే చెయ్యి ఎత్తి ఆపారు. "ఇది కోపం కాదు, జబ్బు. రోగం ఇచ్చినవాడు మందు కూడా దించాడు. వెతుక్కోవడం మన పని. దువా నేను చేస్తాను. నువ్వు పెదవాల్తేరు తీసుకెళ్ళు. ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పు."

తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు అమ్మను ఏవేవో అడిగాడు, అమ్మ బల్ల మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చుంది. అప్పుడు నాన్నను అడిగాడు, ఈమెకు కోపం వస్తుందా అని.

"రాదండి."

"ఎప్పుడూ?"

"మాకు పెళ్ళయిన కాణ్నించీ రాలేదండి." నాన్న అది గర్వంగానే చెప్పాడు. చెప్పాక ఆయనకే ఏదో తట్టింది.

"రాకపోవడం ఉండదండీ" అన్నాడు డాక్టరు. మాత్రలు ఇచ్చాడు. మెల్లగా తగ్గుతుంది, తొందరపెట్టొద్దు, బరువులు మొయ్యనివ్వద్దు అన్నాడు.

ఈలోగా విచారణ జరిగింది. నాన్న నిజమే చెప్పాడు. కొట్టాలనిపించింది, కొట్టకూడదని కూర్చున్నాను, అయినా తగ్గలేదు, పడుకున్నాను. మేనేజరు అనుమానంగా, పడుకోకపోతే ఏం జరిగేది అని అడిగాడట. "మీ దవడ పగిలేదండి" అన్నాడట మా నాన్న. అబద్ధం ఆడకూడదు కదా. గ్యాంగు మొత్తం కిటికీ బయట నిలబడి ఉంది. మేనేజరు వాళ్ళను చూశాడు, నాన్న చేతులు చూశాడు. మేస్త్రీ పని తీసేసి గోడౌను కాపలాకు వేశాడు గాని, ఉద్యోగం తియ్యలేదు. ఆర్డరు వచ్చిన సాయంత్రం పెద్ద కళాసీ పరుగున ఇంటికి వచ్చి, "బతికిపోనావు బావా" అన్నాడు. నాన్న ఆ కబురు అమ్మ తల దగ్గర కూర్చుని చెప్పాడు. అమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఆ మర్నాడు కొళాయి రోజు. నాన్న కోపం బిందె తీసుకుని మెట్లు దిగాడు. నేను ఇంకో బిందె పట్టుకుని వెనక వెళ్ళాను. మా వీధి కొళాయి దగ్గర మగాడు నిలబడటం ఎవరూ చూసి ఉండరు. పైట సర్దుకున్నవాళ్ళు కొందరు, నవ్వినవాళ్ళు కొందరు. ఆయన ఎవరినీ చూడకుండా చివర నిలబడ్డాడు. వరస నత్తలా కదులుతోంది. నీళ్ళు ఏ క్షణాన ఆగిపోతాయో తెలియదు. మా ముందు ఇద్దరు ఉన్నారనగా, వెనకనుంచి ఒకామె దూసుకొచ్చి తన బిందె నాన్న బిందె ముందు పెట్టింది. నాన్న దాన్ని కాలితో పక్కకు జరిపాడు. ఆమె నోరు విప్పింది.

"ఏటి సాయిబూ, ఆడోల్ల లైన్లో నీకేటి పని? మీ ఆవిడేటి సేత్తన్నాది? పెదవాల్తేరు ఎల్లొచ్చీసిందంట గదా, పిచ్చి కుదిరినాదా లేదా?"

కొళాయి మా కిటికీకి సరిగ్గా కిందే ఉంటుంది. వీధి మొత్తానికి వినిపించింది.

నాన్న మెడ మీద నరం లేచింది. ఆ నరం నాకు తెలుసు. తరవాత ఏం జరుగుతుందో కూడా తెలుసు. మోకాళ్ళు కొంచెం వంగాయి. వీధిలో అందరికీ తెలుసు కాబట్టి అందరూ చూస్తున్నారు. నేను సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి ఆయన నిలబడే ఉన్నాడు. ఖాళీ బిందెను రెండు చేతులతో గుండెలకు అదుముకుని, కొళాయి వైపే చూస్తూ. దాని మూతి నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకున్నాడు. మా వంతు వచ్చింది. నింపాడు. భుజానికి ఎత్తుకుని మెట్లెక్కాడు. చేతకాక సగం నీళ్ళు చొక్కా మీదే ఒలికాయి.

లోపలికి వచ్చి బిందె అమ్మ పక్కన దించాడు. "ఇది నీది" అన్నాడు. కొమ్ముచెంబు ముంచి పక్కన పెట్టి, ఇంకేం చెయ్యాలో తెలియక తడి చొక్కాతో అలాగే నిలబడ్డాడు.

అమ్మ ఆ నీళ్ళు చూసింది. చొక్కా చూసింది. అన్ని రోజుల తరవాత ఆమె గొంతు వచ్చింది, జలుబు చేసినట్టు.

"కూకోలేదేం?"

"కూకుంటే లైను పోద్ది" అన్నాడు నాన్న.